నాలుగు స్ప్రే డబ్బాలు, వాటి మీది తెలుగు

ఒకే తయారీదారు పేరుతో వచ్చిన నాలుగు వస్తువులను రెండు నెలలుగా వాడుతున్నాను. ఒంటికి కొట్టుకునే డియోడరెంట్, గదిలో వాడే రూమ్ ఫ్రెష్‌నర్, దోమలకూ బొద్దింకలకూ పనికొచ్చే కీటకనాశిని, అద్దాలు తుడిచే ద్రవం. వీటిని ఎంచుకున్నది పరిమళం చూసి కాదు, ప్రకటన చూసీ కాదు. నాలుగింటి మీదా వాడే పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు పూర్తిగా తెలుగులో అచ్చువేసి ఉన్నాయి. ఇతరులు రాసిన తెలుగును దిద్దడమే నా వృత్తి కాబట్టి, డబ్బాలో ఉన్నదానితో పాటు డబ్బా మీద ఉన్నదాన్ని కూడా పరీక్షించాలనిపించింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్కరివే అయితే పేరు చెప్పేవాణ్ణేమో, కానీ ఇలాంటి డబ్బాలను ఎక్కడ తిప్పి చూసినా ఇవే తప్పులు కనిపిస్తున్నాయి.

ముందుగా నాలుగింటికీ ఉమ్మడి పదమైన ‘స్ప్రే’ సంగతి. ఈ చిన్న మాటలో మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి చేరతాయి: సకారం, దాని కింద పకారపు ఒత్తు, ఆ తరువాత రకారపు ఒత్తు, చివర ఏత్వం. డియోడరెంట్ డబ్బా ముందువైపు ఇది సరిగ్గా ‘స్ప్రే’ అనే ఉంది. వెనక్కి తిప్పితే ‘స్ర్పే’ అయింది. చాలా ఖతుల్లో (ఫాంట్లలో) ఈ రెండూ కంటికి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి కనుక అచ్చువేసినవారు గమనించి ఉండరు. నిజానికి రెండింటిలోనూ ఉన్నవి కంప్యూటరు అక్షరాలను గుర్తుపట్టే అవే ఆరు యూనికోడ్ సంకేతాలు: స, పొల్లు, ప, పొల్లు, ర, ఏత్వం. రెండో రూపంలో పకారం, రకారం చోట్లు మార్చుకున్నాయి, అంతే. పాత అచ్చు ఖతుల్లో కంటికి కనిపించే క్రమంలో టైపు చేసే అలవాటు ఉండేది. రకారపు ఒత్తు అక్షరానికి ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి దాన్నే ముందు కొట్టేవారు. ‘శాస్త్రం’ ‘శాస్ర్తం’ కావడానికీ, ‘స్త్రీ’ ‘స్ర్తీ’ కావడానికీ కారణం అదే. కాగితం మీద ఈ తేడా ఎవరికీ అక్కరలేకపోయినా, అదే పాఠాన్ని ఆన్‌లైన్ దుకాణంలో పెట్టినప్పుడు మాత్రం వెతికేవారికి వస్తువు దొరకకపోవచ్చు. నేను ‘స్ప్రే’ అని సరిగ్గా కొట్టి వెతికితే ఈ నాలుగింటిలో మూడే వచ్చాయి. నాలుగోది ‘స్ర్పే’ వేషంలో దాక్కుని ఉంది.

‘స్ప్రే’కు అచ్చతెలుగు మాట పెట్టలేదేమని నేను నిందించను. పిచికారీ అన్న మాట మనకు ఉన్నా, అది కూడా హిందీ నుంచి వచ్చి స్థిరపడినదే; పైగా అది వినగానే మందు నింపిన డబ్బాను వీపున కట్టుకుని చేనులో నడిచే మనిషి గుర్తుకొస్తాడు తప్ప చంకలో డియోడరెంట్ కొట్టుకునే మనిషి గుర్తుకురాడు. చిమ్మనగ్రోవి అందమైన పాత మాట, కానీ దాన్ని డబ్బా మీద వేస్తే కొనేవారిలో పదిమందికి ఒకరికైనా అర్థమవుతుందని నాకు నమ్మకం లేదు. ‘స్ప్రే’ ఉండనివ్వవచ్చు. అయితే అరువు తెచ్చుకున్న మాటను ఒకే తీరుగా రాయాలి, దాని చుట్టూ ఉన్న క్రియలు మాత్రం తెలుగువి కావాలి. ఈ రెండు కొలతలతోనే నాలుగు వస్తువులనూ చూశాను.

డియోడరెంట్ వస్తువుగా మంచిదే. మీద ఉన్న మీటను నొక్కగానే సన్నని పొగమంచులా వస్తుంది, చర్మం మీద తడి నిలవదు, బట్ట మీద తెల్లని మరక పడదు. చల్లగా తగలడం గురించి ప్రత్యేకంగా గొప్పలు రాసుకున్నారు గానీ, ఇలాంటి ఏ డబ్బాకైనా ఉండే గుణమే అది: ఒత్తిడిలో ద్రవరూపంలో ఉన్న బ్యూటేన్, ప్రొపేన్ వంటి వాయువులు బయటికి రాగానే ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని లాక్కుంటాయి. డబ్బాలో చుక్క ద్రవం మిగిలినంత వరకూ లోపలి ఒత్తిడి దాదాపుగా ఒకేలా ఉంటుంది కాబట్టి, మొదటి రోజు వచ్చిన జోరే చివరి వారంలోనూ ఉంది. వాసన మితంగా ఉంది. పక్కవారు తుమ్మాల్సిన అవసరం రాలేదు.

చిక్కంతా పేరులో ఉంది. ముందువైపు ‘డియోడరెంట్’, వెనకవైపు ‘డియోడ్రెంట్’, అడుగున ‘డీయోడరంట్’. అరచేతిలో పట్టే డబ్బా మీద ఒక వస్తువుకు మూడు పేర్లు! పలుకుబడిలో మనలో చాలామంది మధ్య అచ్చును మింగేసి ‘డియోడ్రెంట్’ అనే అంటారు, తొందరలో ‘డియో’తో సరిపెడతారు; మాట్లాడేటప్పుడు అందులో తప్పేమీ లేదు. రాతలో మాత్రం మొదటిదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడి ఉంటే చాలు. విభక్తి చేర్చేచోట ఇదే అయోమయం మరింత ముదిరింది. ఒక వాక్యంలో ‘డియోడరెంట్‌ను’ అని ఉంటే తరువాతి వాక్యంలో ‘డియోడరెంటును’ అని ఉంది, ఆపైన ఒకచోట ‘డియోడరెంట్ ను’ అని విడిగా ఉంది. హల్లుతో ముగిసే అన్యదేశ్యానికి చివర ఉకారం చేర్చుకోవడం తెలుగు స్వభావం. బస్సు, కారు, పెన్ను అలా స్థిరపడ్డవే. ఆ లెక్కన ‘డియోడరెంటు’ నాకు సమ్మతమే, బహువచనంలో ‘డియోడరెంట్లు’ అనగానే నోటికి హాయిగా తిరుగుతుంది కూడా. పొల్లుతో రాసి విభక్తిని అతికించే పద్ధతి ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉంది, అదీ సమ్మతమే. ఏదో ఒకటి. విభక్తిని మాత్రం మాటకు దూరంగా నిలబెట్టకూడదు. ‘ను’ అనే ప్రత్యయం ఒంటరిగా వాక్యంలో తిరిగే ప్రాణి కాదు.

ఇంతకన్నా పెద్ద అభ్యంతరం ‘చెమట వాసన నిరోధకం’ అన్న వర్ణన మీద. ఇది చెమట వాసనను ఆపుతుందా, లేక చెమటనూ వాసననూ రెండింటినీ ఆపుతుందా? ఒక్క కామా ఉందా లేదా అన్నదాని మీద రెండు వేర్వేరు వస్తువులు తేలతాయి. డియోడరెంట్ పని వాసనకు కారణమయ్యే బ్యాక్టీరియాను తగ్గించడం, వాసనను కప్పడం. చెమట పట్టడాన్నే తగ్గించేది యాంటీపెర్స్పిరెంట్. అందులో అల్యూమినియం లవణాలుంటాయి, అవి స్వేదనాళాల మూతికి అడ్డుపడి చెమటను తగ్గిస్తాయి. ఈ డబ్బా మీది పదార్థాల పట్టికలో అల్యూమినియం ఊసే లేదు కాబట్టి ఇది మొదటి రకమేనని నేను తేల్చుకున్నాను. మొదటి వారం చెమట తగ్గలేదని చిరాకుపడ్డ మాట నిజం. తప్పు ద్రవానిది కాదు, సమాసానిది. ‘చెమట వల్ల వచ్చే దుర్వాసనను తగ్గిస్తుంది’ అని నాలుగు మాటలు ఎక్కువ రాసి ఉంటే సరిపోయేది.

ఇదే డబ్బాకు జతగా ఒక చిన్న నమూనా సీసా ఉచితంగా వచ్చింది. దాని మీద ‘బాడీ కోలన్’ అని ఉంది. కోలన్ అంటే వాక్యంలో రెండు చుక్కల గుర్తు, లేదా వైద్యుల భాషలో పెద్దపేగు. వారు అనదలచింది ‘కొలోన్’. జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో ఫరీనా అనే ఇటాలియన్ మొదలుపెట్టిన సంస్థ అమ్మిన సుగంధ జలానికి ఆ ఊరి పేరే పెట్టారు, క్రమంగా తేలికపాటి పరిమళాలన్నిటికీ అదే సామాన్యనామం అయింది. ఒకారం ఎక్కడ పొట్టిగా ఉండాలో ఎక్కడ సాగాలో ఇంగ్లీషు అక్షరాలు చెప్పవు. తెలుగు అక్షరాలు చెప్పగలవు, మనం చెప్పించాలంతే. ఒంటి మీద పెద్దపేగును చల్లుకోమనడం కన్నా సెంటు అని రాయడం ఎంతో మేలు. ఆ మాటతో కూడా భూమి కొలత గుర్తొస్తుందని ఎవరైనా అనవచ్చు గానీ, ‘సెంటు కొట్టుకో’ అన్నప్పుడు పొలం గట్టుకు పరుగెత్తినవారిని నేను చూడలేదు.

రూమ్ ఫ్రెష్‌నర్ నాలుగింటిలో బలహీనమైనది. మల్లె అన్నారు, మొదటి రెండు క్షణాలు మల్లెలాగే ఉంది, తరువాత సబ్బులా మారింది, పావుగంటకు ఏమీ మిగల్లేదు. చిమ్మే రంధ్రం కాస్త పెద్దది కావడంతో తుంపరలు లావుగా పడి, బల్ల మీద తడి మచ్చలు మిగిలాయి. గాలిలో నిలిచే తుంపర ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. బరువు చుక్క గాలిని వదిలి నేలకు దిగుతుంది, దానితోపాటే పరిమళమూ దిగుతుంది.

దాని మీది మాటల్లో మొదటిది ‘ఫ్రెష్నర్’. షకారం కింద నకారపు ఒత్తు తగిలించి, ‘కృష్ణ’కు దూరపు చుట్టంలా తయారుచేశారు. పొల్లును పొల్లుగానే నిలిపి తరువాతి హల్లును విడిగా చూపడానికి కంటికి కనిపించని ఒక సంకేతం యూనికోడ్‌లో ఉంది. దాన్ని మధ్యలో ఉంచితే ‘ఫ్రెష్‌నర్’ అని చదవడానికి వీలుగా వస్తుంది. తెలిసినవారు తెలుగు కీబోర్డులో అది ఏ మీటకు ఉందో వెతికి పెట్టుకుంటారు, తెలియనివారు ఒత్తుతో రాజీపడతారు. ఇక్కడ రాజీపడ్డారు.

రెండోది, నన్ను నిజంగా నవ్వించినది, ‘ఉపయోగానికి ముందు బాగా వణకండి’ అన్న సూచన. చలికి వణికినట్టు వణికి ఆపైన మీట నొక్కాలి కాబోలు. డబ్బాను కుదపాలని, లేదా ఊపాలని వారి ఉద్దేశం. కుదపమనడానికి కారణం కూడా ఉంది: లోపల పరిమళపు ద్రావణం, తోసే వాయువు, కొన్నిటిలో నీరు విడివిడి పొరలుగా నిలిచిపోతాయి, కలపకపోతే ఒకసారి ఉత్త గాలి, ఒకసారి ఉత్త ద్రవం వస్తాయి. తెలుగులో అకర్మక క్రియకూ సకర్మక క్రియకూ ఇంత స్పష్టమైన తేడా ఉంది: వణుకు, వణికించు, ఊగు, ఊపు, కదులు, కదుపు. ఆ తేడా తెలియని యంత్రమో, తొందరలో ఉన్న మనిషో ఈ వాక్యాన్ని అనువదించినట్టు తెలిసిపోతోంది.

క్రియల దగ్గర మరికొంచెం ఆగాలి, ఎందుకంటే స్ప్రేల విషయంలో తెలుగుకు ఉన్న సంపద అంతా అక్కడే ఉంది. అద్దాల ద్రవం తప్ప మిగిలిన మూడు డబ్బాల మీదా ప్రతిదానికీ ‘స్ప్రే చేయండి’ అనే ఉంది, అది తప్పు కాదు. కానీ ‘చల్లు’ అంటే విస్తారంగా, తేలిక చేత్తో. ‘చిలకరించు’ అంటే కొద్ది చుక్కలుగా. ‘చిమ్ము’ అంటే బలంగా, ఒక దిక్కుగా, సన్నని ధారలా. ‘పిచికారీ చేయు’ అంటే ఆకూ అడుగూ తడిసేటట్టు పద్ధతిగా. ‘కొట్టు’ అంటే మాట్లాడే భాషలో వీటన్నిటికీ బదులు. గదిలో చల్లాలి, మూలల్లోకి చిమ్మాలి, బట్ట మీద చిలకరించాలి. ఈ మూడు క్రియలను వాడి ఉంటే ఎంత దూరం నుంచి, ఎంత మోతాదులో అన్న సంగతి సగం క్రియే చెప్పేది. తుంపర అన్న మాట కూడా ఎంతో పనికొచ్చేది. తుంపర సేద్యం అని వ్యవసాయంలో అది ఇప్పటికే స్థిరపడింది, ‘సన్నని తుంపర వస్తుంది’ అంటే అందరికీ తెలుస్తుంది. వీరు ‘ఫైన్ మిస్ట్ టెక్నాలజీ’ అని తెలుగు లిపిలో రాశారు.

హెచ్చరికల భాగం మూడు డబ్బాలకూ ఒకటే. ‘ఏరోసాల్’ అని ఒకదాని మీద, ‘ఎయిరోసోల్’ అని ఇంకోదాని మీద ఉంది. నేను మొదటిదాన్ని ఎంచుకుంటాను, కారణం పొట్టిగా ఉండటమే. శాస్త్రంలో ఏరోసాల్ అంటే గాలిలో తేలే అతి సన్నని ఘన, ద్రవ కణాల సమూహం. పొగమంచు కూడా ఏరోసాలే. వాడుకలో ఆ పేరు డబ్బాకు అంటుకుంది. 1920లలో నార్వే ఇంజనీరు ఎరిక్ రోతైమ్ ఒత్తిడితో చిమ్మే డబ్బాను రూపొందించినప్పటి నుంచి దాని సూత్రం పెద్దగా మారలేదు, మారినది తోసే వాయువే. అంతకుముందు అందుకు వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో చెప్పారు, వాటిని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. వాటి స్థానంలోకి ఎక్కువగా హైడ్రోకార్బన్ వాయువులు వచ్చాయి. అవి ఓజోన్‌కు హాని చేయవు, కానీ నిప్పు తగిలితే భగ్గుమంటాయి. అందుకే హెచ్చరిక భాషకు ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ విలువ ఉంది.

అలాంటిచోట వీరు రాసింది ‘ఇన్‌ఫ్లేమబుల్’. ఇంగ్లీషులోనే ఈ మాట ప్రమాదకరమైనదని పేరుపొందింది: ముందున్న ‘ఇన్’ను వ్యతిరేకార్థంగా తీసుకుని మండనిదని అనుకునేవారు ఉంటారన్న భయంతో అమెరికాలో అగ్నిమాపక రంగంవారు 1920ల నుంచే ‘ఫ్లేమబుల్’ వాడమని పట్టుబట్టారు. ఇంగ్లీషువారే దూరం పెట్టిన మాటను తెచ్చి తెలుగు లిపిలో నిలబెట్టడమెందుకు? ‘మంటలంటుకుంటాయి’ అంటే చాలు. ‘50 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఉంచరాదు’ అన్న వాక్యం బాగుంది, సరైనదీ, స్పష్టమైనదీ. దాని పక్కనే ‘ఖాళీ అయిన పిదప కూడా పియర్స్ చేయరాదు, దహించకూడదు’ అని ఉంది. పియర్స్ చేయడం ఏమిటో తెలిసినవారికి ఆ హెచ్చరిక అవసరం అంతగా ఉండదు. అవసరమున్నవారికి ‘గుచ్చకూడదు, మంటలో వేయకూడదు’ అని చెప్పాలి. ‘దహించు’ అనేది అగ్ని చేసే పని, మనిషి చేసే పని కాదు.

ఇక కీటకనాశిని. దోమల మీదా బొద్దింకల మీదా బాగా పనిచేస్తుంది; పైరెత్రాయిడ్ జాతి మందు, మూలల్లోకి చిమ్మితే కొన్ని నిమిషాల్లోనే బొద్దింకలు వెల్లకిలా పడ్డాయి. వాసన ఘాటుగా ఉన్నా తలుపులు తీసిన అరగంటకు పోయింది. చేపల తొట్టిని కప్పి ఉంచమని, పిల్లులను దూరంగా ఉంచమని తెలుగులో రాసినందుకు మెచ్చుకోవాలి, ఈ మందులు చేపలకు విషం, పిల్లులకూ ప్రమాదకరం.

కానీ నాలుగు డబ్బాల్లోనూ అత్యంత తీవ్రమైన భాషాదోషం దీని మీదే ఉంది. ముఖం మీద పెద్ద అక్షరాలతో ‘క్రిమిసంహారిణి’ అని రాశారు. క్రిమి అన్న సంస్కృత పదానికి పురుగు అనే అర్థం ఉంది, ఈనాటి వాడుకలో రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి అనే అర్థమూ ఉంది. క్రిమిసంహారక మందులంటే చేలకు కొట్టేవి; క్రిమిసంహారిణి అంటే ఆసుపత్రిలో నేల తుడిచేది. ఒకే మాట పురుగుల మందుకూ, బల్లలూ తలుపు పిడులూ తుడిచే డిసిన్ఫెక్టెంట్‌కూ చెల్లుతోంది. రెండూ ఒకే ఆకారపు డబ్బాల్లో వస్తాయి, రెండింటి మూతలూ తరచుగా ఒకే రంగులో ఉంటాయి. మొదటిదాన్ని వంటసామాను ఉన్న బల్ల మీద చిమ్మకూడదు. రెండోదాన్ని అక్కడే చిమ్మి, చెప్పినంత సేపు తడి ఆరకుండా ఉంచి, తరువాత తుడవాలి. మా ఇంట్లో ఒక పెద్దావిడ ఈ డబ్బాను చదివి, నిజంగానే చదివి, ఫ్రిజ్ పిడి మీద కొట్టి గుడ్డతో తుడిచారు. ఆమె చదవడంలో తప్పేమీ లేదు. ‘సూక్ష్మక్రిములను చంపుతుంది’ అనే అర్థమే ఆమెకు తెలిసిన అర్థం. మందు తగిలిన చోటును సబ్బునీళ్లతో కడిగించాను, ఆమె చేతులూ కడిగించాను. ఆ రోజంతా నాకు స్థిమితం లేదు.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. పురుగులను చంపేదాన్ని ‘పురుగుల మందు’ అనో ‘కీటకనాశిని’ అనో రాయాలి, రోగక్రిములను చంపేదాన్ని ‘సూక్ష్మక్రిమినాశిని’ అని రాయాలి, ఒట్టి ‘క్రిమి’ని రెండుచోట్లా మానుకోవాలి. ‘దోమలు, బొద్దింకలకు మాత్రమే’ అన్న మూడు మాటలు పెద్ద అక్షరాలతో వేస్తే ఇంకా మంచిది; వీరు వేశారు, కానీ అడుగున, బ్యాచ్ నంబరు పక్కన, భూతద్దానికి పని కల్పించేంత చిన్నగా.

అద్దాలు తుడిచే ద్రవం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అంటే అది బాగుందని అర్థం. ఇందులో ఒత్తిడి వాయువేదీ లేదు. మీట నొక్కినప్పుడల్లా చిన్న పంపు ద్రవాన్ని పైకి లాగి ముక్కు గుండా తోస్తుంది. కాబట్టి మంటల హెచ్చరికల గోల లేదు, ద్రవం అయిపోతే మళ్లీ నింపుకోవచ్చు. అద్దం మీద చారలు మిగలలేదు. మీద రాసిన తెలుగు వేరెవరో రాసినట్టుంది: ‘ముక్కును ఎడమకు తిప్పితే తెరుచుకుంటుంది. అద్దానికి జానెడు దూరంలో పట్టుకుని రెండుసార్లు చల్లండి. పొడి గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి.’ నాజిల్‌ను ముక్కు అనడం, అంగుళాల బదులు జానెడు అనడం, చల్లడం, తుడవడం, అన్నీ చేతికి అందే మాటలు. స్ప్రే అన్న మాట దాని మీద ఒక్కసారే, పేరులో మాత్రమే, సరైన వర్ణక్రమంతో ఉంది. ఆ రాసిన మనిషినే మిగిలిన మూడింటికీ పెట్టుకుని ఉంటే ఈ సమీక్ష సగంలోనే ముగిసేది.

ప్రస్తుతానికి డియోడరెంట్‌నూ అద్దాల ద్రవాన్నీ మళ్లీ కొంటాను, రూమ్ ఫ్రెష్‌నర్‌ను కొనను. కీటకనాశిని ఇంకా సగం ఉంది, పనిచేసే మందును పారేయలేదు. ‘క్రిమిసంహారిణి’ అన్న పేరు మీద తెల్ల కాగితం అంటించి, నల్ల మార్కరుతో ‘పురుగుల మందు’ అని రాసి, ఆ డబ్బాను అటక మీద పెట్టాను.